స్మృతిపుస్తకములు - అనాథశబ్దవిచారము

యుగాండాదేశమున హెచ్.ఐ.వి. సోఁకిన తల్లులు తమ బిడ్డలకొఱకు స్వయముగా వ్రాసి యుంచిన పుస్తకములకు స్మృతిపుస్తకములని పేరు. ఇవి యంగడిలో దొరకునవి కావు. ఒక్కొక్కదానికి వ్రాయువా రొక్కరు, చదువవలసినవారును ఒక్కరే. వాఙ్మయచరిత్రలలో వీనికిఁ జోటు గలుగలేదు. పరోపకారసంస్థల నివేదికలలో మాత్రము వీని ప్రస్తావము కానవచ్చును. అట్టి రచనలను సాహిత్యదృష్టితోఁ బరిశీలించుట యుచితమా యని కొందఱు శంకింపవచ్చును. శబ్దమునకును లోకప్రవృత్తికిని గల సంబంధమును విచారించుట శాబ్దికులకు విధి కాఁబట్టి యీ విచారమున కవకాశము గలదు. దుర్బలులగు బాలబాలికలకు సాహాయ్యము చేయఁబూనువారు మొదట వారికొక పేరు పెట్టుదురు. ఆ పేరునుబట్టియే సాహాయ్యముయొక్క స్వరూపమును నిర్ణయమగును. పేరు తప్పినచో సాహాయ్యమును దప్పును. ఆ తప్పును స్మృతిపుస్తకము లెట్లు దిద్దుచున్నవో నిరూపించుట యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

వీని పుట్టుక

విక్టోరియా సరస్సు నొడ్డుననున్న కసెన్సేరో యను జాలరిపల్లెలో 1982వ సంవత్సరమున నీ వ్యాధి యాదేశమందు మొదట గుర్తింపఁబడినది. రోగి దేహము నానాఁటికిఁ గృశించుచుండుటచేత జనులు దానిని 'స్లిమ్', అనఁగా సన్నఁజేయు రోగమని వ్యవహరించిరి. 1985లో 'లాన్సెట్' అను వైద్యపత్రికలో నా పేరుతోనే యొక వ్యాసము ప్రకటితమయ్యెను. 1987లో నోరీన్ కలీబా మొదలగువారు 'టాసో' యను సంస్థను స్థాపించి రోగులను, వారి కుటుంబములను నాదరించుట కారంభించిరి. 1992లో వ్యాధిగల స్త్రీలే యొకచోటఁ జేరి 'నాక్వోలా' యను సంఘము నేర్పఱుచుకొనిరి. బియాట్రిస్ వెరె యను నామె యా సంఘస్థాపకురాండ్రలో నొకతె.

స్మృతిపుస్తకమను నూహ యాదేశమున మొలచినది కాదు. ఇంగ్లండులో నివసించుచు నీ వ్యాధికి లోనైన యాఫ్రికా కుటుంబములకొఱకు 1990 ప్రాంతముల నది మొదలయ్యెను. ఆ దశాబ్దముయొక్క చివరి సంవత్సరములలో నాక్వోలా స్త్రీలు దానిని దమ దేశమునకుఁ దెచ్చుకొని తమ యాచారములకుఁ దగినట్లు మార్చుకొనిరి. అప్పటికి ధనికదేశములలో మూఁడు మందులు గలిపి యిచ్చు చికిత్స 1996 నుండి ప్రచారములోనికి వచ్చియున్నది. దాని వెల యేఁటికిఁ బదివేల డాలర్లకుఁ బైమాట. యుగాండాలోని పల్లెతల్లి కది గగనకుసుమము. మరణము నిశ్చయమనియు, ఎప్పుడో యనిశ్చితమనియు నెఱిఁగిన తల్లి, తన బిడ్డ పెరిగి పెద్దదైన తరువాత నడుగఁబోవు ప్రశ్నల కిప్పుడే సమాధానములు వ్రాయుటకుఁ గూరుచుండెను. ఈ పుస్తకముల జన్మకారణ మిది.

ఇందలి విషయక్రమ మించుమించుగా నన్నిటియందు నొక్కటియే. బిడ్డ యెప్పుడు, ఎక్కడఁ బుట్టెను, ఆ పేరెవరు పెట్టిరి, మొదటి యడుగులు, మొదటి మాటలు, శైశవమునఁ గలిగిన వ్యాధులు, తల్లియొక్కయుఁ దండ్రియొక్కయు బాల్యము, తాతముత్తాతల వంశవృక్షము, కుటుంబములోని యాచారములు, వేడుకలు, ఆప్తులైన బంధుమిత్రులు, తల్లికి సోఁకిన వ్యాధి యెట్టిది, బిడ్డ యెట్లు పెరుగవలెనని తల్లి కోరిక. ఛాయాపటములున్నచో నతికింతురు. వ్రాయనేరని తల్లులు చిత్రములు గీయుదురు, లేదా చెప్పి వ్రాయింతురు. పలుమాఱులు బిడ్డయుఁ బ్రక్కన గూరుచుండి పుస్తకమును నింపును. పుస్తకము పూర్తియగునప్పటికిఁ దల్లి తన రోగమును బిడ్డకుఁ జెప్పియే యుండవలయును. వ్రాఁతకంటె నీ చెప్పుటయే కష్టతరము.

అనాథశబ్దము

ఈ బిడ్డలను లోకము అనాథలనుచున్నది. అనాథశబ్దము నఞ్ బహువ్రీహి. ఎవనికి నాథుఁడు లేఁడో వాఁడు అనాథుఁడని విగ్రహము. బహువ్రీహి యన్యపదార్థప్రధానమని వ్యాకరణారంభమునందే విద్యార్థులు చదువుకొందురు. కాఁబట్టి యిందు 'లేమి'ని దెలుపు నకారమునకుఁ గాని, నాథశబ్దమునకుఁ గాని ప్రాధాన్యము లేదు. సమాసమునకు వెలుపలనున్న బిడ్డయే ప్రధానము. లోకవ్యవహారమున నిది తలక్రిందైనది. లేమి ముందునకు వచ్చి బిడ్డ మఱుఁగుపడినాఁడు. అనాథయనఁగానే వినువాని మనస్సున నెవఁడు లేఁడను నంశము స్ఫురించునే కాని, యెవఁ డున్నాఁడను నంశము స్ఫురింపదు.

ఇఁక నాథశబ్దమును విచారింపవలయును. నాథధాతువునకు యాచన, ఉపతాపము, ఐశ్వర్యము, ఆశీస్సు అని ధాతుపాఠమున నాలుగర్థములు చెప్పఁబడినవి. వ్యవహారమున ఐశ్వర్యార్థ మొక్కటియే మిగిలి, నాథుఁడన్నఁ బ్రభువు, యజమానుఁడు, పోషకుఁడు అని రూఢియైనది. తక్కినవానిలో యాచనను, ఆశీస్సును గూడ గ్రహించినచో నర్థము మఱింత విశాలమగును. ఆఁకలియైనప్పు డన్నము పెట్టుమని యెవరి నడుగవచ్చునో, ఎవరు మనసార శుభము గోరుదురో వారు నాథులు. అట్టివారు తండ్రియే కానక్కఱలేదు. అమ్మమ్మ కావచ్చును, మేనత్త కావచ్చును, పొరుగింటి ముసలమ్మయుఁ గావచ్చును. యుగాండాలో 'జాజా'లు, అనఁగా అవ్వతాతలు, ఈ వ్యాధివలనఁ దమ కొడుకులను, గోడండ్రను, గూఁతులను నేలపాలుచేసి, నలుగురైదుగురు మనుమలను మరలఁ బెంచుటకు నడుము గట్టిరి. ఆ ముసలమ్మ యుండఁగా నా బిడ్డను అనాథయనుట శబ్దదోషము మాత్రమే కాదు. ఆ ముసలమ్మను లేనిదానిఁగాఁ జేయుటయు నగును.

ఇతరభాషలలోని శబ్దములను జూచినచో విషయము మఱింత స్పష్టమగును. లుగాండా భాషలో నిట్టి బిడ్డను 'ములేక్వా' యందురు. విడుచుట యను నర్థముగల 'లేకా' ధాతువునుండి యేర్పడిన కర్మార్థకరూప మిది, విడువఁబడినవాఁడని యర్థము. ఇంగ్లీషువారి 'ఆర్ఫన్' శబ్దము గ్రీకుభాషలోని 'ఓర్ఫనోస్' నుండి వచ్చినది. దానికి సంస్కృతమునందలి అర్భశబ్దము సజాతీయమని భాషాతత్త్వజ్ఞులు నిర్ణయించిరి. అర్భుఁడనఁగా శిశువు, దానినుండి వచ్చిన యర్భకశబ్దము తెలుఁగున బలహీనుఁడను నర్థమున వాడుకలో నున్నది. జర్మనుభాషలో దాయమును, అనఁగాఁ దాతతండ్రుల సొత్తును దెలుపు 'ఎర్బె' శబ్దమును దానికి సజాతీయమే. ఒక్క మూలమునుండి యొకచోట శిశువు, ఒకచోటఁ దల్లిదండ్రులు లేనివాఁడు, ఒకచోట దాయము అను నర్థములు వెలువడినవి. తల్లిదండ్రులు గతించినప్పుడు బిడ్డ మిగులును, కొఱఁత మిగులును, వారిచ్చినదియు మిగులును. మూఁడింటను నొక్క కొఱఁతనే గ్రహించి తక్కిన రెంటిని విడిచిపెట్టుట నేఁటి నివేదికలలోని లోపము.

నివేదికలలోని నిర్వచనము

ఐక్యరాజ్యసమితి సంస్థలు మొదట, తల్లిని గాని తల్లిదండ్రుల నిరువురను గాని కోల్పోయిన పదునైదేండ్లలోపు బిడ్డను లెక్కించుచుండెను. తరువాతఁ దల్లిదండ్రులలో నెవ్వరు పోయినను జాలుననియు, వయస్సు పదునెనిమిదేండ్లలోపుండవలెననియు మార్చినవి. 'చిల్డ్రన్ ఆన్ ది బ్రింక్' అను 2004వ సంవత్సరపు నివేదిక యీ లెక్కప్రకారము 2003 చివరికి లోకమున 1 కోటి 50 లక్షలమంది బిడ్డలు ఎయిడ్స్ వలనఁ దల్లినో తండ్రినో యిరువురనో కోల్పోయిరని తెలిపినది. వారిలో 1 కోటి 20 లక్షలకుఁ బైఁబడినవారు సహారా యెడారికి దక్షిణముననున్న యాఫ్రికాలోనివారు. లెక్కకొఱ కేదో యొక నిర్వచనము గావలెను; అందుఁ దప్పులేదు. లెక్కకై చేసిన సంజ్ఞను లోకమున స్వభావవాచకముగా వాడుటయే తప్పు. వ్యాకరణమున వృద్ధి యనఁగాఁ గొన్ని యక్షరములు. ఆ సంజ్ఞను బట్టుకొని రైతు పొలమున వృద్ధిని వెదకినచో నేమగును? అట్లే, ఇంట దల్లి బ్రతికియున్న బిడ్డయు నీ 1 కోటి 50 లక్షలలో నున్నాఁడని తెలియక, దాతలు వీరందఱు వీథులపాలైరని తలంచిరి. ఆ తలంపుతో ననాథశరణాలయములు గట్టఁబూనిరి. నిజమునకు వీరిలో నత్యధికసంఖ్యాకులు జీవించియున్న తల్లితోనో తండ్రితోనో దగ్గఱి బంధువులతోనో యుండిరి. ఆ నివేదికయే కుటుంబముల శక్తిని బెంచుట మొదటి కర్తవ్యమని చెప్పుచున్నది. 'బ్రింక్' అనఁగా గట్టుయొక్క చివరి యంచు. లోపల నింటిని నిలుపుఁడని చెప్పి, పైన మాత్రము బిడ్డ నొంటరిగా గట్టుచివర నిలిపిన యీ నామకరణము వదతోవ్యాఘాతమునకుఁ దగిన యుదాహరణము.

ఇంతకంటెను జెడుగు చేసినది 'ఎయిడ్స్ అనాథ' యను సమాసము. దీనికి విగ్రహమేమి? ఎయిడ్స్ చేత ననాథయైనవాఁడని తృతీయాతత్పురుషముగాఁ జెప్పినచో రోగము తల్లిదండ్రులయందు నిలుచును. ఎయిడ్స్ గల యనాథయని మధ్యమపదమును లోపింపఁజేసి చెప్పినచో రోగము బిడ్డయందు నిలుచును. సమాసరూపమున నీ భేదము గానరాదు. వినువాఁడు తన భయమునకుఁ దగిన విగ్రహమును జెప్పుకొనును. చికిత్సయే లేనప్పుడుఁగూడఁ దల్లినుండి బిడ్డకు వ్యాధి సంక్రమించుట నూటికిఁ బదునైదు మొదలు నలువదియైదు వఱకు మాత్రమే. చికిత్స పొందిన తల్లులవిషయమున నది యైదింటికి లోఁబడినది. సోఁకిన బిడ్డయైనను బడిలోఁ బ్రక్కన గూరుచున్నవానికి దాని నంటింపఁజాలఁడు. ఇంత తెలిసియు, సమాసమునకుఁ దప్పు విగ్రహము చెప్పుకొన్న జనులు బిడ్డలను బడినుండియు, బంతినుండియు వెలివేసిరి. తుదకు ఐక్యరాజ్యసమితి యెయిడ్స్ విభాగమువారే యీ సమాసమును వాడరాదని తమ పరిభాషాసూచికలో నిషేధించిరి. ఒక సమాసమును విడిచిపెట్టుటవలన బిడ్డలకు మేలు గలుగునని వైద్యులును నంగీకరించిన సందర్భ మిది.

పురుషత్రయము

ఈ విషయమునుగూర్చిన రచనలు మూఁడు తెగలు. నివేదికలు మొదటి తెగ, యాత్రికుల గ్రంథములు రెండవది, స్మృతిపుస్తకములు మూఁడవది. క్రియాపదములను బరిశీలించినచో వీని భేదము కరతలామలకమగును. నివేదిక ప్రథమపురుష బహువచనమున నడచును: వారు కోల్పోయిరి, వారికిఁ గావలయును. యాత్రికుని గ్రంథము ఉత్తమపురుషమున నడచును: చూచితిని, వింటిని, దుఃఖించితిని. స్మృతిపుస్తకము మధ్యమపురుషైకవచనమున నడచును: నీవు పుట్టితివి, నీవు నవ్వితివి, నీవు చదువుకొనుము. బిడ్డ మొదటిదానియందు లెక్క, రెండవదానియందు దృశ్యము, మూఁడవదానియందు సంబోధ్యుఁడు. పిలువఁబడినవాఁడు మాత్రమే బదులు పలుకఁగలఁడు. మధ్యమపురుషమునకున్న యీ మహిమ తక్కిన రెంటికి లేదు.

యాత్రికుల గ్రంథములలో స్వీడన్ దేశీయుఁడగు హెన్నింగ్ మాన్‌కెల్ వ్రాసిన పుస్తకము ముఖ్యమైనది. 'నేను మరణింతును, స్మృతి జీవించును' అని దాని పేరున కర్థము. స్వీడిష్ భాషలో 2003లోను, ఇంగ్లీషున 2004లోను నది వెలువడినది. ఈతఁడు (1948-2015) అపరాధపరిశోధక నవలలచేఁ బ్రసిద్ధుఁడు. మొజాంబిక్ రాజధానియగు మపూటోలో నాటకశాలను నడపుచు నాఫ్రికాలోఁ జిరకాలము నివసించినవాఁడు. యుగాండాకుఁ బోయి, స్మృతిపుస్తకములు వ్రాయుచున్నవారిని గలిసికొని, యీ గ్రంథమును రచించెను. ఒక బాలిక తాను పెంచుకొనుచున్న మామిడిమొక్క నాతనికిఁ జూపిన ఘట్ట మందుఁ బ్రధానము. తల్లి క్షీణించుచుండఁగా మొక్క యెదుగుచున్నది. కరుణమునకు వ్యంజనామార్గమునఁ బరిపోషము గలిగించిన యీ ఘట్టము ప్రశంసార్హము. మందులు లోకమున నుండియు నీ తల్లులకు లేకపోవుట ధర్మవిరుద్ధమని యాతఁడు పడిన యాగ్రహమును సహృదయుల కామోదయోగ్యమే.

ఐనను దోషమొకటి చెప్పక తప్పదు. గ్రంథమునఁ బెక్కుచోట్ల రచయిత తన మరణభీతిని, తన నిద్రలేమిని, తన స్వప్నములను వర్ణించుటకుఁ దిరుగుచుండును. ఆలంబనము బిడ్డయై యుండఁగా నాశ్రయము రచయితయగుచున్నాఁడు. చదువరి యాతని దుఃఖమును బంచుకొని పుస్తకమును మూసివేయును. బిడ్డ మరల ప్రథమపురుషములోనికిఁ బోవును. ఆ సంపుటముతోఁబాటు ఒక తల్లి తన కూఁతునకు వ్రాసిన స్మృతిపుస్తకమును జేర్చి యచ్చువేసిరి. రెంటిని వరుసగాఁ జదివినవారికి భేదము తెలియును. రచయిత పుస్తకమునకు స్థాయి శోకము. తల్లి పుస్తకమునకు స్థాయి వాత్సల్యము. శోక మందు సంచారిమాత్రమే. స్మృతియు సంచారిభావములలోనిదే కాని, యిచటఁ దల్లి దానిని బిడ్డకుఁ జేతికఱ్ఱగా నిచ్చుచున్నది. నిష్ణాతుఁడైన రచయితకు లభింపని యౌచిత్యము రచనాభ్యాసములేని స్త్రీకి లభించుటకుఁ గారణము, ఆమె యెవరికొఱకు వ్రాయుచున్నదో యామెకు నిశ్చయముగాఁ దెలియుటయే.

కావ్యప్రయోజనములు కీర్తి, ధనము, లోకవ్యవహారజ్ఞానము, అమంగళనివారణము, పరమానందము, కాంతాసమ్మితోపదేశము అని మమ్మటుఁ డాఱు చెప్పెను. స్మృతిపుస్తకమునకు మొదటి రెండును లేవు. వ్యవహారజ్ఞానమును, అమంగళనివారణమును సంపూర్ణముగాఁ గలవు. ఉపదేశము కాంతాసమ్మితము కాదు, మాతృసమ్మితము. బిడ్డ యే వంశమువాఁడో యందుండును. బుగాండా ప్రాంతమున సింహము, చిఱుతపులి మొదలగు చిహ్నములతో వంశభేదములు గలవు. బిడ్డ తండ్రివంశమునకుఁ జెందును, పేరును వంశమునుబట్టియే వచ్చును. కొత్తవారియెదుట వంశపరంపరను జెప్పుకొనుట వారికి మర్యాద. గోత్రప్రవరలు చెప్పుకొను తెలుఁగువారి కిది సులభగ్రాహ్యము. తండ్రి పోయి, తల్లియుఁ బోయినచో నాపరంపరను జెప్పువారుండరు. చెప్పలేనివానిని భూమినుండి తొలఁగించుట దాయాదులకు సులభము. భర్త పోయిన స్త్రీని, ఆమె బిడ్డలను నింటినుండియుఁ బొలమునుండియు వెడలఁగొట్టుట యాదేశమునఁ బ్రసిద్ధమైన యన్యాయము. అందుచేతనే నాక్వోలావారు స్మృతిపుస్తకముతోఁబాటు మరణశాసనము వ్రాయుటను, సంరక్షకుని ముందుగా నిర్ణయించుటను నేర్పిరి. శిశువు, కొఱఁత, దాయము అను మూఁడర్థములును గలిసినచో టిదియే.

పూర్వపక్షము

ఆఁకలితో నున్న బిడ్డకు గంజి గావలెను గాని గ్రంథమేల యని యాక్షేపింపవచ్చును. ఈ యాక్షేపము బలమైనదే. పుస్తకము గంజి కాఁజాలదు, మందు కాఁజాలదు. 2001 ఫిబ్రవరిలో భారతదేశపు సిప్లా సంస్థ మూఁడు మందుల చికిత్సను ధర్మవైద్యసంస్థ కేఁటికి 350 డాలర్ల కిచ్చెదనని ప్రకటించెను. తరువాతి సంవత్సరములలో నంతర్జాతీయనిధులు సమకూడి యాఫ్రికాలో నుచితచికిత్స వ్యాపించెను. ఆ మందు తల్లిని బ్రతికించినది. తల్లి బ్రతికియుండుటకంటె బిడ్డకు మించిన సాహాయ్యము లేదు. స్మృతిపుస్తకమును గొనియాడుచు మందు నిచ్చుట మానినచో నది నిర్దయకు నలంకారము దొడుగుటయే యగును. ఈ విషయమున సందేహమునకుఁ దావులేదు.

కాని మందునకును గంజికిని దారి చూపినది యీ మాటయే యని గుర్తింపవలయును. తన రోగమును బిడ్డకుఁ జెప్పలేని తల్లి వైద్యుని యొద్దకు దాఁగి పోవును, లేదా పోవుటయే మానును. చెప్పినపిదప బిడ్డకుఁ బరీక్ష చేయింపవచ్చును, సోఁకినచో మందిప్పింపవచ్చును, మందు వేళకు వేసికొమ్మని బిడ్డయే తల్లికి గుర్తుచేయవచ్చును. బిడ్డ తరువాత నెవరియింట నుండవలెనో వారితో ముందుగా మాటలాడవచ్చును. యుగాండాలో 1997లోఁ బ్రాథమికపాఠశాలలలో రుసుము తీసివేయఁబడినను, బట్టలకును బుస్తకములకును ధనము గావలసియే యుండెను. ఆ ధనము నవ్వచేతఁ బెట్టినచో బిడ్డ యింటనుండియే బడికిఁ బోవును. శరణాలయమునకుఁ బంపినచో బడి దొరకును గాని యవ్వ పోవును. ఏ సాహాయ్యము మేలైనదో యీ యొక్క కొలఁతచేతఁ దెలియును: అది బిడ్డకున్న బంధమును నిలుపునదియా, త్రెంచునదియా?

మఱియొక యాక్షేపము గలదు. ఇట్టి పుస్తకములను అచ్చొత్తించి దాతలకుఁ జూపినచో ధనము చేరును గదా యని కొందఱందురు. ఒక్క చదువరికై వ్రాసిన గ్రంథమునకు స్వామి యా చదువరియే. తల్లి మధ్యమపురుషమున వ్రాసినదానిని బదివేలమంది చదివినచో బిడ్డ మరల దృశ్యమగును. తల్లి రోగము గ్రామమునఁ బ్రకటితమగును. బిడ్డ పెరిగి, తెలిసి, సమ్మతించినప్పుడు దక్క వీనిని బ్రకటింపరాదు. పరిశోధకులును, సంపుటకర్తలును దీనిని నియమముగాఁ గైకొనవలయును.

మనదేశమున

తెలుఁగుదేశమునకును నీ విషయము దూరమైనది కాదు. భారతదేశమున 1986లో మదరాసునగరమున నీ వ్యాధి మొదట గుర్తింపఁబడినది. 2004 ఏప్రిల్ 1వ తేదీన, వ్యాధి యధికముగానున్న యాఱు రాష్ట్రములలోఁ బ్రభుత్వమువా రుచితచికిత్స నారంభించిరి. ఆ యాఱింటిలో నాంధ్రప్రదేశమును నొకటి. 2006లో బాలరోగులకొఱకుఁ బ్రత్యేకప్రణాళిక యేర్పడెను. 2017లోఁ జేయఁబడి 2018 సెప్టెంబరు 10వ తేదీనుండి యమలులోనికి వచ్చిన హెచ్.ఐ.వి. శాసనము, చదువునందు వివక్షను నిషేధించినది. సమ్మతిలేనిదే యొకరి వ్యాధిస్థితిని వెల్లడింపరాదన్నది.

ఆ శాసనమున 32వ నిబంధనము శాబ్దికులకును విచారణీయము. వ్యాధివలన దెబ్బతిన్న కుటుంబమును నడపుచు, తగిన పరిపక్వబుద్ధిగలిగి, పండ్రెండేండ్లు నిండి పదునెనిమిదేండ్లు నిండని జ్యేష్ఠసోదరుఁడు గాని సోదరి గాని తన తోఁబుట్టువులను బడిలోఁ జేర్చుట, చికిత్స చేయించుట, ధనమును నాస్తిని జూచుకొనుట యను కార్యములయందు సంరక్షకుఁడు గావచ్చును. దాని తరువాతి నిబంధనము, తల్లిదండ్రులు తమ పిదప బిడ్డకు సంరక్షకు నెవరి నుంచవలెనో ముందుగా వ్రాసియుంచుట కధికార మిచ్చుచున్నది. అనాథయని లోకము వ్యవహరించు పండ్రెండేండ్ల పిల్లను శాసనము నాథస్థానమున నిలిపినది. తోఁబుట్టువులను విడఁదీయక యుంచుట యిందలి గుణము. ఆ పిల్లయుఁ జదువుకొనవలసినదే యని మఱచి భారమంతయు నామెపై వైచినచో నది గుణము గాదు. ఆమె నాథురాలగుటకు నామెకును నొక నాథుఁ డుండవలయును. ఆ స్థానమున రాజ్యమును, గ్రామమును, బడియు నిలువవలయును.

పాఠశాలాపండితులకు నిందొక కర్తవ్యము గలదు. పత్రికలలోను, సభలలోను వాడుచున్న 'ఎయిడ్స్ పిల్లలు', 'హెచ్.ఐ.వి. పిల్లలు' అను సమాసములు పైఁజెప్పిన సందిగ్ధవిగ్రహదోషము గలవి. వ్యాధితో జీవించుచున్న బిడ్డయని చెప్పవలసినచోట నట్లే, సోఁకనిచోటఁ దల్లిదండ్రులను గోల్పోయిన బిడ్డయని యట్లే విడఁదీసి చెప్పుట మేలు. లాఘవమును గోరుట వైయాకరణులకు సహజమే కాని, యిక్కడ లాఘవము బిడ్డపై బరువగుచున్నది. అన్నిటికంటె నుత్తమమైనది బిడ్డను బిడ్డ పేరుతోనే పిలుచుట. హాజరుపట్టికలోఁ దల్లిదండ్రుల పేర్లకెదుట 'లేరు' అని వ్రాసి యూరకుండక, బిడ్డ నెవరు చూచుచున్నారో యాపేరు గనుఁగొని వ్రాయుటయు నుపాధ్యాయుని చేతిలోని పనియే.

2003లో నమెరికాదేశమువారు తమ యెయిడ్స్ సాహాయ్యశాసనమున నూటికిఁ బదిపాళ్ళ ధన మిట్టి బాలబాలికలకై ప్రత్యేకించిరి. 2025 జనవరిలో నాదేశపు విదేశసాహాయ్యము హఠాత్తుగా నిలుపఁబడఁగాఁ బెక్కుదేశములలో నీ కార్యక్రమములు కుంటువడినవి. దూరదేశపు దాతమీఁద మాత్రమే నిలిచిన నాథత్వ మెంత యస్థిరమో దీనివలన విశదమగుచున్నది. ధనము రావచ్చును, పోవచ్చును. దానికై యడుగుటయు మానరాదు. అవ్వ, అన్న, మేనత్త, పొరుగువారు, ఉపాధ్యాయుఁడు అను పేర్లు మాత్రము బిడ్డ పుస్తకమునుండి చెఱిగిపోరాదు. వచ్చిన ధనమంతయు నా పేర్లు గలవారిని నిలుపుటకే వినియోగింపఁబడవలయును. అనాథశబ్దమునందలి నకారమును దొలఁగించుట కొక్క తల్లి నూఱుపుటల చిన్నపుస్తకము వ్రాసినది. తక్కిన పని లోకముది.